తండా మ్యాపులో ఖాళీ జాగా

హరిలాల్ పని మనుషుల్ని బయటికి గెంటడం. సారపాకలో పేపరు మిల్లు గేటు ఎదుటి సందులో భవాని అనే ఆవిడ ఇంటర్నెట్ సెంటర్ నడిపేది. ఆ సెంటర్ వెనకగదిలో, దుమ్ము పడకుండా పాత చీర కప్పిన బల్ల మీద, ఒక కంప్యూటర్ ఆరకుండా నడిచేది. దానిలో తుపాకుల ఆట సర్వర్ ఉండేది. పాల్వంచ, కొత్తగూడెం, ఖమ్మం కుర్రాళ్ళు తమ ఊళ్ళ సెంటర్లలో కూర్చుని ఈ కంప్యూటర్‌కి తగులుకుని, రెండు జట్లుగా విడిపోయి, ఒకళ్ళనొకళ్ళు కాల్చుకునేవాళ్ళు. ఎవడైనా గోడల అవతలికి చూపించే దొంగ ప్రోగ్రాం వేసుకొచ్చినా, అవతలివాడి అమ్మను తిట్టినా హరిలాల్ ఒక్క లైను కొట్టేవాడు. వాడు ఆటలో ఉండడు. మళ్ళీ వస్తే ఇంకో లైను. ఇక ఎప్పటికీ రాడు.

"దేవునికి గూడ ఇంత సుఖం లేదు రా," అనేది భవాని. "ఆయన తీస్కపోతే ఏడ్వనీకి నలుగురొస్తరు. నువ్వు తీసేస్తే అడిగేటోడే లేడు."

హరిలాల్‌ది జూలూరుపాడు దగ్గర ఒక తండా. తండ్రి లాల్‌సింగ్ పత్తి వేసేవాడు, తర్వాత మిల్లు కోసం జామాయిల్ వేశాడు, తర్వాత చనిపోయాడు. తల్లి రూప్లి. హరిలాల్ కొత్తగూడెంలో పాలిటెక్నిక్ చదివి, సారపాకలో లారీల కాటా దగ్గర కంప్యూటర్ ఆపరేటర్‌గా కాంట్రాక్టులో చేరాడు. కాంట్రాక్టు ముగిశాక భవాని సెంటర్‌కి వచ్చి, పాడైన మౌస్‌లు బాగుచేస్తూ అక్కడే ఉండిపోయాడు. ఇలాంటి చోట తండా నుంచి కష్టపడి పైకొచ్చిన యువకుడి గురించి రెండు మంచిమాటలు రాయడం ఆనవాయితీ. అతను పైకేమీ రాలేదు. వెనకగదికి వచ్చాడు.

రెండువేల ఆరు నాటికి ఆ దిక్కు బ్రాడ్‌బ్యాండ్ కొత్త. లైను సన్నం, జనం ఎక్కువ. ఎంతమందిని రానివ్వాలో, ఒక్కో ఆట ఎంతసేపు సాగాలో, సొంత జట్టువాడి తూటా తగిలితే చావాలో వద్దో, అన్నీ ముందే సెట్టింగుల ఫైల్లో రాసిపెట్టాలి. ఒక్క అంకె అటూ ఇటూ అయితే ఖమ్మంలో కాల్చిన తూటా పాల్వంచ వాడికి ఆలస్యంగా తగులుతుంది; చచ్చినవాడు ఇంకా రెండడుగులు నడుస్తాడు. హరిలాల్‌కి అది అస్సలు నచ్చేది కాదు. "సచ్చినోడు సచ్చిన కాడ్నే పడాలె," అనేవాడు. ఆ అంకెలు సరిచేస్తూ అన్నం మర్చిపోయేవాడు.

అతనికి కావలసింది ఒక్కటే. సొంత సెంటర్. పెళ్ళయి ఏడాది దాటింది. భార్య సోని తండాలో అత్తతో, అతను సారపాకలో కిరాయి గదిలో. తండా ముందు నుంచి తారురోడ్డు పోతుంది, రోడ్డు వెంట టెలిఫోన్ కేబుల్ పోతుంది, పక్క తండాల పిల్లలంతా ఆ రోడ్డు మీదే బస్సు కోసం నిలబడతారు. రోడ్డుకీ ఇళ్ళకీ మధ్య తండ్రి వదిలిపోయిన మెట్ట చెలక ఉంది. అందులో నడిమధ్య కొంత జాగా ఖాళీగా ఉంది. జామాయిల్ లేదు, పత్తి లేదు, రాయి లేదు, పుట్ట లేదు. అక్కడ ఒక గది కట్టి కంప్యూటర్లు పెడితే జనం వస్తారు. వస్తే అతను ఇంటికొస్తాడు. రాకపోతే ముసలితనం దాకా భవాని వెనకగదే.

జాగా గురించి వారం సెలవులో ఇంటికి వెళ్ళినప్పుడు తల్లితో అన్నాడు. వాళ్ళు మాట్లాడుకున్నది లంబాడీలో. నాకు చేతనైన తెలుగులో రాస్తున్నాను.

"ఆడ ఏముంది, యాడీ?"

"ఏముంటది. ఏం లేదు."

"మరి గది కట్టుకుంటె ఏంది?"

రూప్లి చాటలో మిరపకాయలకు తొడిమలు తీస్తోంది. చెయ్యి ఆపలేదు. "ఎవరొస్తరు రా ఆడికి?"

"ఎందుకు రారు?"

"నువ్వెప్పుడన్న పోయినవా?"

పోయాను అనబోయాడు. గుర్తు చేసుకుంటే ఒక్కసారీ తట్టలేదు. బడికి పోయేటప్పుడు, బస్సుకు పోయేటప్పుడు, మేకల వెంట ఉరికేటప్పుడు, ఎప్పుడూ దారి అక్కడికొచ్చి వంపు తిరిగేది. తండ్రి నాగలి సాళ్ళు కూడా అక్కడ వంపు తిరిగేవి. చిన్నప్పుడు సాళ్ళంటేనే వంకరగా ఉంటాయనుకున్నాడు.

సోని నవ్వింది. "మీ యాడి నాకు ఉప్పెక్కడుంటదో చెప్పింది, కట్టెలెక్కడుంటయో చెప్పింది, పక్కింటామెతోని ఎంత మాట్లాడాల్నో చెప్పింది. ఆ జాగ సంగతి మాత్రం చెప్పలె. అయినా నేను గూడ సుట్టు తిరిగే పోతున్న. ఎప్పట్సంది పోతున్ననో నాకే ఎర్క లేదు."

ఆ సంభాషణ అక్కడ ఆగిపోయింది. అతను సారపాక వెళ్ళిపోయాడు.

సర్వర్ మీద అప్పటికి కుర్రాళ్ళకు విసుగు పుట్టింది. ఆటతో వచ్చే మ్యాపులన్నీ ఎడారులూ గోదాములూ. కొత్త మ్యాపు కావాలని గోల చేశారు. హరిలాల్ మ్యాపులు గీసే ప్రోగ్రాం తెచ్చుకుని, తనకు బాగా తెలిసిన చోటు గీశాడు: తారురోడ్డు, జామాయిల్ తోట, బడి వరండా, ఇళ్ళ వరస. ఒక జట్టు రోడ్డు మీద మొదలవుతుంది, ఇంకో జట్టు బడి దగ్గర. ఖాళీ జాగా రెండింటికీ సరిగ్గా నడుమ వచ్చింది. ఆ మ్యాపుకి తండా అని పేరు పెట్టాడు. ఏ తండానో ఎవరికీ చెప్పలేదు. కుర్రాళ్ళకు తెగ నచ్చింది.

మధ్యాహ్నం పూట మనుషులు తక్కువైనప్పుడు సర్వర్ బోసిపోకుండా కంప్యూటరే కొందరు ఆటగాళ్ళను నడుపుతుంది. హరిలాల్ వాటిని బొమ్మలనేవాడు. బొమ్మకు కళ్ళుండవు. మ్యాపు గీసినవాడు ముందుగా దాంట్లో తిరిగి, తిరిగిన చోటల్లా ఒక గుర్తు నాటాలి. బొమ్మ గుర్తు నుంచి గుర్తుకు పరిగెత్తుతుంది. అంతేకాదు, ఏ చోట ఎక్కువసార్లు చచ్చిందో ఒక ఫైల్లో దాచుకుని, ఆ చోటికి పోవడానికి జంకుతుంది.

ఒకరోజు అన్నం తింటూ బొమ్మల ఆట చూస్తున్నాడు. రోడ్డు నుంచి బయలుదేరిన బొమ్మలు జామాయిల్ దాటి, తిన్నగా బడి వైపు పోవలసినవి, చుట్టూ తిరిగి పోయాయి. బడి నుంచి వచ్చినవీ అంతే. ఖాళీ జాగా అంచున వంపు తిరిగి, అవతల మళ్ళీ తిన్నగా అయ్యాయి.

చావుల ఫైలు తీసేశాడు. మళ్ళీ అదే వంపు. అసలు ఆ జాగాలో ఒక్క బొమ్మా చచ్చిన దాఖలా లేదు. అప్పుడు నాటిన గుర్తులన్నీ కనపడేలా తెరిచి చూశాడు. మ్యాపు నిండా పచ్చటి కర్రల్లా నిలబడి ఉన్నాయి, నడుమ గుండ్రటి బట్టతలలా ఖాళీ. నాటింది అతనే. జానెడు నేల వదలకుండా తిరిగానని అప్పుడు ఒట్టేసి చెప్పేవాడు.

భవానిని పిలిచి చూపించాడు.

"బొమ్మలకు గూడ సోయి వచ్చిందేంది రా?" అంది ఆవిడ.

"సోయి కాదక్కా. నేను పోలె, గందుకే అవి పోతలెవ్వు."

భవాని కోయ ఇంటి పిల్ల, అత్తవారిది బూర్గంపాడు. కాసేపు తెర వంక చూసింది. "మా దిక్కు తొవ్వ వంకర పోయిందంటె ఆడ ఒక రాయన్న ఉంటది. ఎవరి పేరు మీద పెట్టిన్రో ముసలోళ్ళకు ఎర్కుంటది. మీకు రాయి గూడ లేకపాయె."

"లేదు. గదే చెప్తున్న. ఏం లేదాడ."

"ఏం లేనిదానికి గింత తిరుగుడెందుకు?"

హరిలాల్ ఆ ప్రశ్నకు భయపడలేదు, సంబరపడ్డాడు. భవాని వెళ్ళాక మనుషులు ఆడుతున్నప్పుడు కూడా కూర్చుని గమనించాడు. వాళ్ళూ తిరిగే పోతున్నారు. ఖమ్మంలో గ్రానైట్ అనే పేరుతో ఆడే డిగ్రీ కుర్రాడొకడు ఉన్నాడు. సర్వర్‌లో అందరికన్నా చురుకు. వాణ్ణి ఆట తెర మీదే రాసి అడిగాడు.

"నడిమిట్ల నుంచి ఎందుకు పోవు? దగ్గర గద."

"ఏ నడిమిట్ల?"

"జామాయిల్ దాటినంక ఖాళీ ఉంది సూడు."

గ్రానైట్ ఆటలో అటు తిరిగి చూశాడు. తర్వాత, "అవునా అన్న. సూడనేలె."

తండాలను గురించి మాట్లాడేవాళ్ళు రెండు రకాలు. పెద్దల జ్ఞానమని కళ్ళు మూసుకునేవాళ్ళు, మూఢనమ్మకమని ముక్కు మూసుకునేవాళ్ళు. ఇద్దరివీ బద్ధకపు మాటలే. ఇక్కడ నమ్మకమనేదే లేదు. దెయ్యముందని రూప్లి అనలేదు, దేవుడున్నాడని లాల్‌సింగ్ అనలేదు. ముందువాడు తిరిగిపోయాడు, వెనకవాడు వాడి వెనక పోయాడు. ఖమ్మం కుర్రాళ్ళు బొమ్మల వెనక పోయారు. ఒక ఆచారం పుట్టడానికి కారణం అక్కర్లేదని, ముందు నడిచేవాడొకడు చాలని హరిలాల్ వెనకగదిలో కూర్చుని పట్టుకున్నాడు. ఇక్కడిదాకా అతనితో నాకు పేచీ లేదు.

తర్వాత పని సులువు. ఖాళీ జాగా నిండా గుర్తులు నాటాడు. నాటేటప్పుడు వేళ్ళు మీటల మీద పక్కకు లాగాయని తర్వాత ఒప్పుకున్నాడు. ఆ రోజు మాత్రం ఎవరికీ చెప్పలేదు. సరిగ్గా నడిమధ్య ఒక మంచి తుపాకీ పెట్టాడు, దూరం నుంచి కొట్టేది, ఆటలో అందరూ దానికోసం చచ్చేది. సాయంత్రానికల్లా రెండు జట్లూ అక్కడికే ఉరుకుతున్నాయి. గ్రానైట్ అందరికన్నా ముందు.

ఇంటికి వెళ్ళి తల్లి ముందు కూర్చున్నాడు. "జనం రావాలంటె ఆడ ఏదన్న పెట్టాలె, యాడీ. గంతే."

"ఏం పెడ్తవు?"

"నీళ్ళు."

తండా బోరింగు ఎండాకాలం వస్తే తుప్పునీళ్ళు కక్కేది. సోని గాజులు తప్ప మిగతా బంగారం ఇచ్చింది. ఖాళీ జాగాలోకి బోరు బండి వచ్చింది. బండి మీద పనిచేసే మనిషి పైపులు దింపుతూ దింపుతూ ఆగి, హరిలాల్‌ని దగ్గరికి పిలిచాడు.

"ఇంతకు ముందు ఈడ ఎవరన్న ఏసిన్రా?"

"లేదు. ఏంది?"

"రాయి తగుల్తలేదు. ఈ దిక్కంత బండ గద. పిండిల వేలు పెట్టినట్టు పోతాంది."

నీళ్ళు పడ్డాయి. తియ్యటి నీళ్ళు. ఎముకలూ కుండలూ బయటపడలేదు. అలాంటివాటి కోసం చూస్తున్న పెద్దమనుషులు నిరాశపడి ఇంటికి పోయారు. మొదటి బిందె సోని నింపింది. రెండోరోజు పక్కింటామె వచ్చింది. కొద్దిరోజుల్లో రోడ్డు నుంచి ఇళ్ళకు తిన్నటి దారి పడింది. వంపు దారిలో గడ్డి మొలిచింది. ఎవరూ ఏమీ అనలేదు. వద్దన్నవాళ్ళు లేరు కాబట్టి, ఒప్పుకున్నవాళ్ళూ లేరు. రూప్లి కూడా బిందె పట్టుకుని వచ్చింది. వచ్చి, నింపుకుని, కాసేపు నిలబడి, వెళ్ళింది.

ముగ్గు పోసి పునాది తీశారు. సిమెంటు రేకుల గది లేచింది. బోరింగుకు ఎదురుగానే తలుపు. టెలిఫోన్ లైనుకు అర్జీ పెట్టాడు. సెంటర్ తెరిచే రోజు కూడా అనుకున్నాడు.

అలవాటు పడ్డారు కదా అని ఆ వారం సర్వర్‌లో నడిమధ్య తుపాకీ తీసేశాడు. తీసేసిన మర్నాటి మధ్యాహ్నం చూస్తే రెండు జట్ల స్కోరూ సున్నా. ముందు లైను పోయిందనుకున్నాడు. పోలేదు, అందరూ తగులుకునే ఉన్నారు, అంకెలన్నీ బాగున్నాయి. మ్యాపులోకి దిగి చూశాడు.

అందరూ ఖాళీ జాగాలో ఉన్నారు. రెండు జట్లవాళ్ళూ, వాళ్ళలో కలిసి బొమ్మలూ. ఎవరూ ఎవర్నీ కాల్చడం లేదు. తుపాకులు కిందికి దించి, తలలు వంచి నేల వంక చూస్తున్నారు. ఆ నేల అతను గీసిందే, అంతా ఒకే మట్టిరంగు. దానిలో చూడ్డానికేమీ లేదు.

"ఏం జేస్తున్రు?" అని రాశాడు.

"ఆడుతున్నం అన్న," గ్రానైట్ రాశాడు.

"కాల్చుకుంటలేరు గద."

"అవ్."

కదలకుండా నిలబడ్డవాణ్ణి దానంతటదే బయటికి గెంటే ఏర్పాటొకటి సర్వర్‌లో ఉంటుంది. దాన్ని ఆన్ చేశాడు. కాసేపటికి ఒక్కొక్కరే మాయమయ్యారు. ఒక్కొక్కరే మళ్ళీ వచ్చారు. రోడ్డు మీద మొదలైనవాడు తిన్నగా, బడి దగ్గర మొదలైనవాడు తిన్నగా, వచ్చి నిలబడ్డారు. మళ్ళీ గెంటేసింది. మళ్ళీ వచ్చారు.

ఖమ్మం సెంటర్ ఓనర్‌కి ఫోన్ చేశాడు.

"అన్నా, మీ దగ్గర పోరగాళ్ళు ఏం జేస్తున్రు?"

"మంచిగ ఆడుకుంటున్రు."

"తెర సూసినవా?"

"ఎందుకు సూస్త? ఇదివరకు చెవులు పగిలేటట్టు ఒర్రేటోళ్ళు. ఇప్పుడు సప్పుడు లేదు. మా ఇంటామె గూడ మెచ్చుకుంటాంది. నువ్వేం జేసినవో గని, గట్లనే ఉంచు."

మ్యాపుల వరసలోంచి తండా తీసి ఎడారి పెట్టాడు. కుర్రాళ్ళు ఓట్లు వేసి తండా తెచ్చుకున్నారు. ఓట్లు వేసే వీలు తీసేశాడు. అప్పుడు వాళ్ళు వెళ్ళిపోయారు, తిట్టకుండా, ఏమీ రాయకుండా. ఎడారిలో బొమ్మలు తప్ప ఎవరూ మిగల్లేదు. చివరికి మ్యాపు ఫైలునే తుడిచేశాడు. గుర్తుల ఫైలు కూడా.

భవాని టీ తెచ్చి గుమ్మంలో నిలబడింది. "ఏందిరా, సర్వర్ సప్పబడ్డది?"

"ఆ మ్యాపు తీసేసిన్నక్కా."

"తీసేస్తే అయిపాయెనా?"

"అయిపాయె. ఫైలు లేదంటె ఇగ లేనట్టే."

"మరి మొఖం అట్ల పెట్టినవేంది?"

అతను టీ తాగి గ్లాసు ఇచ్చేశాడు. సంచి సర్దుకుని, సోని ఎదురుచూస్తుందని చెప్పి, పొద్దున బస్సెక్కాడు. సెంటర్ తెరిచే రోజు అదే.

బస్సు తండా దగ్గర ఆపినప్పుడు మిట్టమధ్యాహ్నం. దిగాక కండక్టర్ కిటికీలోంచి తల బయటపెట్టి, "ఏందన్నా, ఈడ ఎవరన్న పోయిన్రా?" అని అడిగాడు. బస్సు వెళ్ళిపోయింది. హరిలాల్‌కి అప్పుడు జనం కనిపించారు.

అంతమంది జనాన్ని అతను పెళ్ళిళ్ళలో కూడా చూడలేదు. తండా అంతా ఉంది. పక్క తండాలవాళ్ళూ ఉన్నారు. బస్సు కోసం నిలబడే పిల్లలు పుస్తకాల సంచులతో ఉన్నారు. సైకిలు పట్టుకుని ఒకతను, పాల క్యాన్‌తో ఒకతను. బోరింగు చుట్టూ ఖాళీ జాగా నిండా, రోడ్డు అంచు దాకా నిలబడ్డారు. నిండిన బిందెలు వాళ్ళ కాళ్ళ దగ్గర ఉన్నాయి. బోరింగు ఎవరూ కొట్టడం లేదు. ఎండ నడినెత్తిన ఉన్నా ఎవరూ కొంగు కప్పుకోలేదు. అందరూ తలలు వంచి ఉన్నారు.

ఏడుపు వినపడుతుందేమోనని చెవి పెట్టాడు. లేదు. మాట లేదు. ఒక మేక మాత్రం వాళ్ళ కాళ్ళ మధ్య నుంచి దారి చేసుకుంటూ, ఎవరి బిందెలోనో నీళ్ళు తాగుతోంది.

అతను కోరుకున్న జనం వచ్చారు. సెంటర్ తలుపు తాళం వేసే ఉంది. కొబ్బరికాయ, పూలు గుమ్మం దగ్గర పళ్ళెంలో ఉన్నాయి. సోని వాటికి వీపు పెట్టి నిలబడి ఉంది.

"సోనీ. తలుపు తీద్దాం పా."

"తీద్దాం," అంది. కదల్లేదు. కోపంగా లేదు, అలసటగా లేదు. పనిలో ఉన్న మనిషి అన్నట్టు అంది.

భుజం పట్టి లాగాడు. లాగిన మేరకు వచ్చింది, వదిలితే మళ్ళీ వెనక్కి వెళ్ళింది. పక్కన నిలబడ్డ ముసలాయన్ని అడిగాడు, పిల్లల్ని అడిగాడు. "ఏం లేదు," అన్నారు. ఒక పిల్లవాడైతే "ఏం లేదన్న, నువ్వు జరుగు, నీడ పడ్తాంది," అన్నాడు.

నీడ ఎక్కడ పడుతోందో చూద్దామని అతను కిందికి చూడబోయి, చటుక్కున ఆకాశం వైపు మొహం తిప్పుకున్నాడు. అలాగే తల పైకెత్తుకుని, మనుషుల భుజాలు తడుముకుంటూ తల్లి దగ్గరికి చేరాడు.

"యాడీ, ఇంటికి పోదాం."

"పోదాం తీ."

"ఏం జేస్తున్నరు ఈడ?"

"ఏం జేస్తం? నీళ్ళకొచ్చినం." రూప్లి గొంతు మిరపకాయల తొడిమలు తీసిన రోజు ఎలా ఉందో అలాగే ఉంది. "నువ్వే గద రమ్మన్నవు."

అతనికి మెడ నొప్పి పుట్టింది. ఎండకు కళ్ళు నీళ్ళు కారుతున్నాయి. ఎంతసేపని పైకి చూస్తాడు? రూప్లి తల ఎత్తకుండానే బిందెను కాలితో కొంచెం అవతలికి నెట్టి, పక్కకు జరిగి, ఒక మనిషి పట్టేంత చోటిచ్చింది.